మా ఆవిడ టికెట్టు మీద మా వదిన

కాశీ వెళ్ళొచ్చినవాళ్ళు రాస్తారు, కేదారం వెళ్ళొచ్చినవాళ్ళు రాస్తారు. నేను రేపల్లె నుంచి బాపట్ల వెళ్ళి, అక్కణ్ణించి తెనాలి వెళ్ళి, మళ్ళీ రేపల్లె వచ్చాను. అంతా కలిపి రెండు రోజులు. దీన్ని కూడా యాత్ర అంటారా అని మీరు నవ్వితే నాకేం అభ్యంతరం లేదు, మా పక్కింటాయన మీకంటే ముందే నవ్వాడు. అయితే నాలాంటి పని మీద ఆ దారిన వెళ్ళినవాళ్ళు తక్కువగా ఉంటారు. వెళ్ళే అవసరం మీకు రాకూడదనే రాస్తున్నాను.

రేపల్లె

నేను హైస్కూల్లో ముప్పై మూడేళ్ళు గుమస్తాగా చేసి రిటైరయ్యాను. మా ఆవిడ సుగుణ ఎలిమెంటరీ స్కూలు టీచరు. మూడో తరగతి పిల్లలకి బోర్డు మీద సొరంగం బొమ్మ వేసి చూపించేది గానీ, తను మటుకు సొరంగాన్ని చూసింది లేదు. మా వైపు కొండేదీ, సొరంగమేదీ? ఎటు చూసినా వరిచేలూ, కాలవలూ. అరకు రైలెక్కి ఆ సొరంగాలు లెక్కపెట్టాలన్నది ఆవిడ కోరిక. మొగుణ్ణి అడిగిన కోరిక ఇంత చిన్నదైతే తీర్చడానికి ఎన్నాళ్ళు పట్టాలి? నాకు పందొమ్మిదేళ్ళు పట్టింది. ఈ ఏడు స్కూల్లో బయోమెట్రిక్ హాజరు అన్నారు, వచ్చే ఏడు ఎలక్షన్లు అన్నారు, ఆ పై ఏడు నాకే బద్ధకం. చివరికి ఈ వేసవిలో కదిలి, రెండు నెలలు ముందుగా తెనాలి వెళ్ళి లైన్లో నిలబడి, అరకు రైలు దొరికే విశాఖపట్నానికి రెండు టికెట్లు తీశాను. కిటికీ పక్కన ఒకటి, దాని పక్కన ఒకటి.

టికెట్లు తీసిన పన్నెండో రోజున సుగుణకి జ్వరం వచ్చింది. నెల తిరక్కుండానే మనిషి లేదు. ఈ మాట ఇప్పుడు ఇంత తేలిగ్గా రాసేస్తున్నాను గానీ, ఈ ప్రయాణంలో తిరుగు బండి ఎక్కే వరకూ నా నోటి వెంట ఒక్కసారి కూడా రాలేదు. ఎవరన్నా అడిగితే “ఒంట్లో బాగోలేదు” అనేవాణ్ణి. సమాధి చేసి వచ్చిన మనిషిని, చర్చివాళ్ళు పెట్టిన ఆదరణ కూడికలో ముందు వరసలో కూర్చున్న మనిషిని, అయినా అలాగే అనేవాణ్ణి.

అసలు సంగతి ఆసుపత్రిలో జరిగింది. పోవడానికి ఇంకో వారం రోజులుందనగా ఒక మధ్యాహ్నం సుగుణ నన్ను దగ్గరికి పిలిచింది.

“ఏవండీ, ఒక తెల్లకాగితం ఇవ్వండి, పెన్ను కూడా. నా టికెట్టు అక్కకి రాసిస్తాను. అక్కచెల్లెళ్ళకైతే పేరు మారుస్తారంట, పక్కమంచం వాళ్ళు చెప్పారు. నేను రాసి సంతకం పెడితే చాలంట.”

మా వైపు మంచం పట్టిన మనిషి చేతికి కాగితం, పెన్ను ఇవ్వరు. ఇస్తే ఇక ఆశ లేదని ఇంటిల్లిపాదీ ఒప్పుకున్నట్టే. పైగా “మంచంలో ఉండగా ఏదో రాయించుకున్నాడు” అని జన్మంతా అంటారు. నేను కసిరాను. “నోరుమూసుకుని పడుకో. శుభం పలకాల్సిన నోరు! నువ్వే వస్తావు, నువ్వే లెక్కపెడతావు” అన్నాను. సాయంత్రం మళ్ళీ అడిగింది. వినపడనట్టు ఫ్లాస్కు పట్టుకుని కిందికి పోయాను. మూడోసారి నన్ను అడగలేదు.

తరవాత విచారిస్తే ఆవిడ చెప్పింది నిజమే. ఖాయమైన టికెట్టుని వేరేవాళ్ళకి ఇవ్వడానికి వీల్లేదు. తల్లి, తండ్రి, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు, కొడుకు, కూతురు, భార్య, భర్త, వీళ్ళకి మాత్రం ఇవ్వొచ్చు. బండి బయలుదేరడానికి ఇరవై నాలుగు గంటల ముందు, టికెట్టు ఎవరి పేరు మీద ఉందో వాళ్ళే రాసి అడగాలి. చుట్టరికానికి రుజువు చూపించాలి. ఒక్కసారే మారుస్తారు. ముచ్చటైన నిబంధన. గుమస్తాగా చేసినవాణ్ణి, మంచి నిబంధన చూస్తే నాకు తెలుస్తుంది.

తెనాలిలో మా బండి గురువారం మధ్యాహ్నం రెండింటికి. సోమవారం నాడు నేను తెల్లకాగితం తీసుకుని, “అయ్యా, నా అనారోగ్యం కారణంగా నా టికెట్టును మా అక్కగారి పేరున మార్చవలసిందిగా ప్రార్థన” అని రాసి, కింద సుగుణ సంతకం పెట్టాను. తండ్రి సంతకం లేదని ఎంతమంది పిల్లల టీసీ దరఖాస్తులు వెనక్కి విసిరికొట్టానో లెక్క లేదు. ఆ చేత్తోనే పెట్టాను. నాలుగు కాగితాలు పాడయ్యాయి, అయిదోది అచ్చం ఆవిడ పెట్టినట్టే వచ్చింది. సిగ్గుపడలేదు. ఆవిడ అడిగిన పని చేస్తున్నాననే అనుకున్నాను.

చెరుకుపల్లి మీదుగా

మంగళవారం పొద్దున్నే బాపట్ల బస్సెక్కాను. ఎనిమిదింటికే ఎండ చురచురలాడుతోంది. కోతలైపోయిన చేలు నల్లగా నెర్రెలిచ్చి ఉన్నాయి. కిటికీ చువ్వ మీద చెయ్యి వేస్తే కాలింది.

కండక్టరు రాగానే “రెండు బాపట్ల” అన్నాను. ముప్పై ఆరేళ్ళ అలవాటు, నాలిక దానంతట అదే తిరిగింది.

“రెండోది ఎవరికి బాబాయ్? ఆడవాళ్ళైతే డబ్బులక్కర్లేదు, ఆధార్ కార్డు చూపిస్తే చాలు” అంది కండక్టరు. ఆడమనిషే, గడుసుపిల్ల.

అప్పుడన్నా తప్పు దిద్దుకోవాలి కదా. చొక్కా జేబులో కాగితాలతో పాటు సుగుణ కార్డు ఉంది. తీసి చూపించాను.

“ఆవిడెక్కడున్నారు?”

“వెనకాల కూర్చుంది.”

ఆ పిల్ల మెడ తిప్పి వెనక్కి చూసింది. బస్సు నిండా ఆడవాళ్ళే. సున్నా రూపాయల టికెట్టు ఒకటి కొట్టి నా చేతిలో పెట్టి ముందుకు పోయింది. బాపట్ల వరకూ నేను వెనక్కి తిరగలేదు. తిరిగితే ఏదో ఒక సీట్లో కనిపిస్తుందేమోనని ఒక భయం, కనిపించదని ఇంకో భయం.

చెరుకుపల్లిలో బస్సు ఆగినప్పుడు ముంజలు కొన్నాను, డజను అరవై రూపాయలు. మా రేపల్లెలో బేరమాడితే యాభైకి వస్తాయి. “లేతవి అన్నయ్యా, నోట్లో వేసుకుంటే నీళ్ళే” అంది అమ్మే ఆవిడ. ఒలిచి చూస్తే సగం ముదుర్లు. బేరం చూసుకోవడం మా ఇంట్లో సుగుణ పని, నాకు రాదు.

బాపట్ల

సుగుణ అక్క దయామణి, మా వదిన, బాపట్లలో రైల్వే గేటు అవతల ఒక గది అద్దెకు తీసుకుని ఉంటుంది. భర్త పోయి చాలా ఏళ్ళయింది. ఆడపిల్లల హాస్టల్లో వంట చేసి మానేసింది. అరవై ఆరేళ్ళు. మాటకారి కాదు. సుగుణ గలగలా మాట్లాడుతుంటే ఈవిడ పక్కన కూర్చుని “ఊఁ” అనేది, అంతే.

“ఎండన పడి వచ్చారేంటి మరిదిగారూ” అని మజ్జిగ ఇచ్చింది. అన్నంలోకి ఎండురొయ్యలు, వంకాయ కలిపి వండింది. మా ఇంట్లో ఆ కూరలో చింతపండు వేస్తాం, ఈవిడ మామిడికాయ వేసింది. ఇరవై రోజుల తరవాత ఆ పూట నేను రెండోసారి అన్నం కలుపుకున్నాను.

తిన్నాక కాగితం తీసి చేతిలో పెట్టాను. “సుగుణ తన టికెట్టు మీకు రాసిచ్చింది వదినా. ఎల్లుండి బండి. మనిద్దరం వెళ్దాం.”

వదిన కళ్ళజోడు పెట్టుకుని చదివింది. అయిదు వరసల కాగితం చదవడానికి చాలాసేపు తీసుకుంది. సంతకాన్ని బొటనవేలితో నిమిరింది.

“ఎప్పుడు రాసింది?”

“ఆస్పత్రిలో.”

“ఊఁ” అంది. కాగితం మడిచి నాకిచ్చేసి, గిన్నెలు తీసుకుని బయటికి వెళ్ళింది. తోముతున్న చప్పుడు చాలాసేపు వినిపించింది.

ఇక రుజువు సంగతి. పెళ్ళయిన ఆడవాళ్ళ ఆధార్ కార్డులో భర్త పేరే ఉంటుంది. వీళ్ళిద్దరి కార్డులూ పక్కపక్కన పెడితే ఎవరికి ఎవరూ ఏమీ కారు. సుగుణ పదో తరగతి సర్టిఫికెట్లో తండ్రి పేరుంది, అది తెచ్చాను. వదిన అయిదుతో మానేసింది, సర్టిఫికెట్టు ఎక్కణ్ణించి వస్తుంది? చిన్నప్పటి బాప్తిస్మపు కాగితం ఉండాలి అంది. ట్రంకుపెట్టె దించాం. పాత చీరలు, క్రిస్మస్ కార్డులు, ఎవరివో పెళ్ళి శుభలేఖలు, కలరా ఉండల వాసన. మధ్యాహ్నమంతా వెతికాం. ఆ కాగితం దొరక్కపోతే కథ అక్కడికి సరి. నాలుగింటికి అడుగున ఒక కవర్లో దొరికింది. అంచులు పురుగు కొట్టేసింది గానీ తండ్రి పేరు పూర్తిగా ఉంది. నాకు ప్రాణం లేచొచ్చింది.

ఆ సాయంత్రం వదిన నాతో మాట్లాడినంత ఎప్పుడూ మాట్లాడలేదు. వాళ్ళ నాన్న జంపని చక్కెర ఫ్యాక్టరీలో పనిచేసేటప్పుడు, అక్కచెల్లెళ్ళిద్దరూ రైల్లో తెనాలి వెళ్తూ దారిలో కాలవల మీద వంతెనలు లెక్కపెట్టేవారట. “దానికి ఎప్పుడూ నాకంటే ఒకటి ఎక్కువే వచ్చేది మరిదిగారూ. దొంగముండ, మురుక్కాలవలు కూడా కలుపుకునేది” అని నవ్వింది. నవ్వి, చెంగుతో మొహం తుడుచుకుంది. ట్రంకుపెట్టె వైపు చూసి, “అరకులో చలేస్తుందా? శాలువా పెట్టుకోనా?” అని అడిగింది.

ఆ మాటతో నాకు తెలిసింది, ఈవిడకి కూడా వెళ్ళాలని ఉంది. ఆవిడ చెల్లెలు ఇచ్చిన ప్రయాణం గనక వెళ్ళాలని ఉంది. “పెట్టుకోండి” అన్నాను.

నిడుబ్రోలు దాటాక

బుధవారం పొద్దున తెనాలి వైపు వెళ్ళే ప్యాసింజరెక్కాం. ఇద్దరికీ అయిన చార్జీకి బాపట్ల స్టేషను ముందు నాలుగిడ్లీలు కూడా రావు. పొన్నూరుకి దిగాల్సిన స్టేషను నిడుబ్రోలు. అక్కడ దిగేవాళ్ళు దిగాక, మిల్లుల్లో బియ్యం బేరాలు చేసే ఒకాయన ఎక్కి మా ఎదురుగా కూర్చున్నాడు. కూర్చున్న అయిదు నిమిషాల్లో మేము ఎక్కడికి, ఎందుకు వెళ్తున్నామో అంతా లాగేశాడు.

“ఇంత బాధెందుకు బాబాయ్‌గారూ? ఆ పిన్నిగారి కార్డు ఈ పిన్నిగారి చేతిలో పెట్టి బండెక్కించెయ్యండి. ఆ కార్డు మీద ఫొటో చూసి కట్టుకున్న మొగుడే గుర్తుపట్టలేడు! మొన్న మా బావమరిది టికెట్టు మీద నేను హైదరాబాదు పోయి రాలేదూ?”

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. వదిన నవ్వలేదు.

“టీసీ వచ్చి పేరేంటి అంటే ఏం చెప్పను బాబూ?”

“ఆవిడ పేరే చెప్పండి. ఏముంది అందులో!”

“దాని పేరు నాదని చెప్పలేను బాబూ. అదే ఇచ్చిందని కాగితం ఉంటే వెళ్తా, లేకపోతే లేదు” అంది వదిన.

“సరే మీ ఇష్టం. ఇంతకీ ఆవిడెందుకు రావట్లేదు?”

“ఒంట్లో బాగోలేదు” అన్నాను.

వదిన నా వైపు ఒకసారి చూసి, కిటికీ వైపు తిరిగింది. తెనాలి వచ్చేదాకా మళ్ళీ ఇటు తిరగలేదు.

తెనాలి

రిజర్వేషన్ ఆఫీసుకి చేరేసరికి పదకొండు. గడువు రెండింటిదాకా ఉంది. సూపర్‌వైజరు సీట్లో ముప్పై అయిదేళ్ళ అమ్మాయి ఉంది. కాగితాలన్నీ వరసలో పెట్టి ఇచ్చాను: టికెట్టు, దరఖాస్తు, రెండు ఆధార్ నకళ్ళు, పదో తరగతి సర్టిఫికెట్టు, బాప్తిస్మపు కాగితం. తండ్రి పేరు ఉన్నచోట రెండిట్లోనూ పెన్సిలుతో గీత గీశాను.

ఆ అమ్మాయి ఒక్కొక్కటీ చూసి తలెత్తింది. “భలే పద్ధతిగా తెచ్చారు అంకుల్. అందరూ చేతులూపుకుంటూ వచ్చి నా మీద అరుస్తారు. మీరేం చేసేవారు?”

“హైస్కూల్లో గుమస్తానమ్మా.”

“అదీ సంగతి!” అని పెన్ను తీసింది. పొగడ్తకి నేను పొంగిపోయాను, దాచుకోవడం దేనికి. పెన్ను కాగితం మీద పెట్టబోతూ, మామూలుగానే అడిగింది. “ఆంటీ రాలేకపోయారా?”

“ఒంట్లో బాగోలేదమ్మా.”

“అయ్యో. తగ్గిపోతుందిలెండి. ఒక్కసారి ఫోన్ చేసి ఇవ్వండంకుల్, ‘నేనే రాశాను’ అని ఒక్క ముక్క అంటే చాలు. మొన్నొకాయన భార్యకి తెలీకుండా ఆవిడ టికెట్టు మార్చేసుకున్నాడు, పెద్ద గొడవైంది. అప్పటినుంచీ అడుగుతున్నా.”

నేను ఫోను తీశాను. ఎందుకు తీశానో నాకు తెలీదు. సుగుణ నంబరు మొదట్లోనే ఉంది. ఆ ఫోను రేపల్లెలో బీరువాలో ఉంది, మోగితే తలుపు లోపల మోగుతుంది. ఫోను పట్టుకుని అలాగే నిలబడ్డాను. వెనక లైన్లో ఎవరో “తొందరగా కానివ్వండి” అన్నారు.

“ఎత్తట్లేదమ్మా” అన్నాను. ఇంకా నొక్కనే లేదు.

వదిన నా చేతిలో ఫోను చూసింది, నా మొహం చూసింది. ముందుకొచ్చి కౌంటరు మీద చెయ్యి పెట్టింది.

“అమ్మా, మా చెల్లి చనిపోయింది. ఇవాల్టికి ఇరవై ఒక్క రోజులు. ఆ సంతకం దానిది కాదు.”

ఆ అమ్మాయి చేతిలో పెన్ను ఆగిపోయింది. వదిన గట్టిగా చెప్పలేదు, అయినా నాకు ఆ మాట అందరూ విన్నట్టే అనిపించింది. సుగుణ చనిపోయిందని నేను ఇరవై ఒక్క రోజులుగా నా చెవిన పడనివ్వలేదు. అక్కడ, ఫ్యాను కింద, చిల్లర లేదని ఎవరో గొడవ పడుతుండగా విన్నాను.  కౌంటరు పట్టుకున్నాను.

నన్ను తిడుతుందనుకున్నాను, దొంగ సంతకం అని కేకలేస్తుందనుకున్నాను. ఆ తల్లి అవేమీ చెయ్యలేదు. దరఖాస్తుని నాలుగు మడతలు పెట్టి, మిగతావాటి అడుగున దూర్చి, నెమ్మదిగా నా వైపు జరిపింది.

“టికెట్టు ఎవరిదో వాళ్ళే అడగాలి అంకుల్. వాళ్ళు లేనప్పుడు మార్చడం నా చేతిలో లేదు. ఏమీ అనుకోకండి.” మళ్ళీ తనే, “ఆంటీ ఉండగా సంతకం పెట్టించి తెచ్చుంటే అయిదు నిమిషాల పని” అంది. నన్ను బాధపెట్టాలని అనలేదు, నా మీద జాలితోనే అంది. “రద్దు చెయ్యమంటారా?” అని అడిగింది. వద్దన్నాను.

బయట ప్లాట్‌ఫారం మీద బెంచీలో కూలబడ్డాం. నాకు కోపం వచ్చింది. ఏడుపు రావాల్సిన చోట నాకు ఎప్పుడూ కోపమే వస్తుంది.

“ఎందుకు చెప్పారు వదినా? ఏదో ఒకటి సర్ది చెప్పేవాణ్ణిగా! దాని కోరిక తీరేది. ఆఖరి కోరిక! మీ చేతులారా చెడగొట్టారు.”

 వదిన సంచిలోంచి నీళ్ళ సీసా తీసి నాకిచ్చింది.

“నన్నూ అడిగింది మరిదిగారూ.”

“ఏంటి?”

“కాగితం. నేను ఆస్పత్రికి వచ్చిన రోజు. మీరు మందులకి కిందికి వెళ్ళారు. ‘అక్కా, ఆయన ఇవ్వట్లేదు, నువ్వన్నా ఒక కాగితం ఇయ్యవే’ అంది. ఇదిగో, ఈ సంచిలోనే పాటల పుస్తకం ఉంది, దాన్లో తెల్లకాగితాలున్నాయి, పెన్నుంది. ‘పిచ్చిదానా, నువ్వే పోతావు’ అని దాని చెయ్యి పట్టుకుని మంచం మీద పెట్టేశా. అది అటు తిరిగి పడుకుంది.”

నేను సీసా బెంచీ మీద పెట్టాను.

“మరి నిన్న కాగితం చూసి ఏమీ అనలేదేం?”

“మన తరవాత ఎవరన్నా ఇచ్చారేమో అనుకున్నా. నర్సమ్మో, ఊడ్చే ఆవిడో, ఎవరో ఒక పుణ్యాత్మురాలు ఇచ్చుంటుంది, అది రాసుకునే పోయుంటుంది అనుకున్నా. రాత్రంతా అదే తలుచుకుని నిద్రపోయా. చాలా రోజుల తరవాత నిద్రపట్టింది మరిదిగారూ.” ఆవిడ సంచి ఒళ్ళోకి లాక్కుంది. “ఫోను చెయ్యమన్నప్పుడు మీ మొహం చూశాక తెలిసింది, ఎవరూ ఇవ్వలేదని.”

ఇద్దరం ఏడ్చాం. పట్టపగలు, తెనాలి స్టేషన్లో, ఇద్దరు ముసలివాళ్ళం. సమోసాలమ్మే ఒకాయన మా ముందు ఆగి, ఏమీ అడక్కుండా వెళ్ళిపోయాడు.

మళ్ళీ రేపల్లె

వదిన బండి ముందు వచ్చింది. ఎక్కి, కిటికీ దగ్గర కూర్చుని, “వేళకి తినండి” అంది. “మీరూ” అన్నాను. అంతకు మించి చెప్పుకోవడానికి ఏమీ మిగల్లేదు. ఒకే తప్పు చేసినవాళ్ళకి ఒకరి ముందు ఒకరు దాచుకోవాల్సింది ఉండదని ఆ పూట తెలిసింది. ఇప్పుడు ప్రతి ఆదివారం ఆవిడ ఫోన్ చేస్తుంది.

రేపల్లె బండిలో నాకు సీటు దొరికింది. వేమూరు దాటాక పక్కనున్న పెద్దావిడ “ఒక్కరే వస్తున్నారా అన్నయ్యా? ఆడవాళ్ళు లేరా వెంట?” అంది. “మా ఆవిడ చనిపోయిందమ్మా” అన్నాను. మొదటిసారి అన్నాను. ఆవిడ “అయ్యో తండ్రీ” అని, తన సంచి ఒళ్ళోకి తీసుకుని నాకు కాస్త చోటిచ్చింది.

మర్నాడు రెండింటికి విశాఖపట్నం బండి వెళ్ళిపోయింది. ఆ వేళకి నేను ఇంట్లో మంచం మీద కూర్చుని గోడ గడియారం చూస్తున్నాను. మా రెండు సీట్లూ ఎవరికిచ్చారో తెలీదు. ఎవరో ఒకరు కూర్చునే ఉంటారు, వేసవి రద్దీ కదా.

ఇలాంటి పని మీద వెళ్ళబోయేవాళ్ళకి నాకు తెలిసింది చెబుతాను. పొద్దున్నే వెళ్ళండి, లైను తక్కువ. రెండు గుర్తింపు కార్డులకీ నకళ్ళు తీసుకెళ్ళండి. ఆడవాళ్ళదైతే పుట్టింటి పేరు రుజువు చేసే కాగితం ఏదో ఒకటి ముందే వెతికి పెట్టుకోండి. గడువు ఇరవై నాలుగు గంటలు అంటారు గానీ, అసలు గడువు దానికంటే చాలా ముందే అయిపోతుంది. మంచం మీదున్న మనిషి కాగితం అడిగితే ఇవ్వండి. అపశకునం అనుకోకండి, ఊరు ఏమంటుందో అనుకోకండి. పెన్ను కూడా ఇవ్వండి, చెయ్యి వణికితే పట్టుకోండి. నా దగ్గర ఆ ఒక్క సంతకమే లేదు. మిగతా కాగితాలన్నీ సరిగ్గానే పట్టుకెళ్ళాను.